సిన్స్ అను మాట తెచ్చిన చిక్కు

ఆలయమున పూజ ముగిసిన పిదప, జాబులు వ్రాయించుకొనుటకై కొందఱు నా యొద్దకు వచ్చుట వాడుక. నా చదువు ప్రాథమిక పాఠశాలతోనే ముగిసినది. అయినను ఆంగ్లమున నాలుగు ముక్కలు వ్రాయగలనను ధైర్యము నాకుండెడిది. 1987వ సంవత్సరమున ఆ ధైర్యమే ఒక తల్లికి కష్టము తెచ్చిపెట్టినది.

ఆమె చెఱకు తోటలో కూలి. జ్వరముచే మూడు దినములు పనికి పోజాలక, కారణము తెలుపుచు కచేరీకి జాబు వ్రాయుమని కోరినది. నేను ‘ఐ హావ్ నాట్ వర్క్‌డ్ సిన్స్ ఐ వాజ్ ఇల్’ అని వ్రాసితిని. జ్వరము వచ్చినందున పని చేయలేదనుట నా భావము. చదివినవారికి జ్వరము వచ్చినది మొదలు నేటివఱకు పని చేయలేదని తోచినది. ఆ పిమ్మట ఆమె చేసిన పనికి రావలసిన కూలియు విచారణ పేర నిలిచిపోయినది. సింహాద్రి అప్పన్న పూజ దగ్గఱపడినది. ఇంట దీపమునకు నూనె లేదు. “అయ్యగారూ, మీరు మంచికే వ్రాసినారు” అని ఆమె అనగా, ఆ మాట నిందకంటె ఎక్కువగా నన్ను బాధించినది. మఱునాడు ఆమె వెంట కచేరీకి పోయి, ‘బికాజ్’ అని దిద్ది, ఆ మూడు తేదీలును చేర్చి ఒప్పించితిని.

సిన్స్ అను మాటకు కారణము, కాలము అను రెండర్థములు గలవు. సందేహమునకు చోటున్నప్పుడు బికాజ్ అనుటయే మేలు. బికాజ్ తరువాత కర్తయు క్రియయు రావలెను: ‘బికాజ్ ఐ వాజ్ ఇల్’. బికాజ్ ఆఫ్ తరువాత నామము చాలును: ‘బికాజ్ ఆఫ్ ఫీవర్’. మన మారిషస్ క్రియోలులో ‘అకోజ్’ రెండు చోట్లను ఇముడును గనుక, బిడ్డలు ‘బికాజ్ ఆఫ్ ఐ వాజ్ ఇల్’ అని తడబడుదురు. ఫ్రెంచిలోని ‘పార్స్ కె’, ‘ఆ కోజ్ ద’ అను భేదమును జ్ఞప్తికి తెచ్చినచో వారికి సులభముగా బోధపడును.

మన తెలుగునందును ఇట్టి వివేకము కలదు. ‘మందు కొఱకు పోయితిని’ అనునది ప్రయోజనము. ‘జ్వరము వలన పోలేదు’ అనునది కారణము. చిన్నయసూరి బాలవ్యాకరణమున ‘కొఱకు’ చతుర్థీ విభక్తి, ‘వలన’ పంచమీ విభక్తి.

నేటికిని జాబు వ్రాసిన పిదప దానిని తెలుగున చెప్పి వినిపించి, వ్రాయించుకొన్నవారు ఔనన్న తరువాతనే కాగితము మడచుచున్నాను.