వేలిముద్ర

2009లో మా నాన్నకి బైపాస్ సర్జరీ అయింది. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నల్లగొండ దగ్గర పల్లె నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం, ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో తెల్ల రేషన్ కార్డు చూపించాం, అంతే. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ అప్పటికి మా జిల్లాకీ వచ్చింది. లేకపోతే ఉన్న రెండెకరాలూ పోయేవి, నా చదువూ ఆగేది. అందుకే ఆ పథకాన్ని ఎవరైనా తిడితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఇప్పుడు శాలిబండలో ఉంటున్నాను. కింది వాటాలో లక్క గాజుల కార్ఖానా. అక్కడ పనిచేసే బిహారీ కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, మెట్లెక్కితే ఆయాసం. చిన్నప్పుడొచ్చిన కీళ్ళ జ్వరం వల్ల గుండె వాల్వ్ దెబ్బతిందన్నారు డాక్టరు. పోయినేడాది అతన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్‌లో అదే ప్రశ్న: "కార్డ్ హై?"

ఉంది, బిహార్‌ది. ఆరోగ్యశ్రీకి తెలంగాణ కార్డే కావాలి. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకి పెరిగింది, ఇతని వరకు అది సున్నాయే. ఆయుష్మాన్ భారత్ అయితే వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, 2021లో తెలంగాణ కూడా అందులో చేరింది. కానీ 2018లో ఆ పథకం మొదలయ్యేనాటికే ఇతను ఇక్కడ గాజులు చేస్తున్నాడు. ఊళ్ళో కార్డు చేయించుకున్నదెప్పుడు?

తమాషా ఏంటంటే, అదే బిహార్ రేషన్ కార్డు మీద నెలనెలా మా సందు చివర రేషన్ షాపులో బియ్యం తెచ్చుకుంటాడు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పుణ్యం. మిషన్ మీద వేలు పెడితే చాలు, గుర్తుపడుతుంది. రోజూ డేటాబేస్‌లతో కుస్తీ పట్టేవాణ్ణి, ఇది సాంకేతిక సమస్య కాదని నాకు తెలుసు. బియ్యానికి కుదిర్చారు, వైద్యానికి ఇంకా పూర్తిగా కుదర్చలేదు.

చివరికి సర్కారు దవాఖానాకి వెళ్ళాం. ఓపీ చీటీ రాసినావిడ కార్డు అడగలేదు. పేరు, వయసు, అంతే. ఎకో తీశారు, మందులిచ్చారు, ఆపరేషన్‌కి వరసలో ఉండమన్నారు. నగరంలో సర్కారు ఆసుపత్రుల మీద ఎంత ఒత్తిడో తెలిసిందే. ఉస్మానియా పాత భవనాన్ని 2020లో వాన నీళ్ళొచ్చాక ఖాళీ చేయించారు, కొత్తదానికి గోషామహల్‌లో 2025 జనవరిలో గానీ శంకుస్థాపన జరగలేదు. కానీ పని మానేసిన రోజు ఇతనికి కూలి లేదు.

"ఊరెళ్ళి కార్డు చేయించుకొస్తా భయ్యా" అని దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. ఇంకా రాలేదు.

మా నాన్న కూడా జబ్బు పట్టుకుని బయటినుంచి ఈ ఊరొచ్చినవాడే. ఆయనకి దారిలో రాష్ట్ర సరిహద్దు తగల్లేదు, అంతే తేడా.