రాళ్ళసీమలో నాలుగు దినములు

ఎడారి యనగానే ఇసుకతిన్నెలు, ఒంటెలు, ఎండమావులు మన తలపునకు వచ్చును. అట్టి యెడారి మన తెలుగునాట లేదు. అయినను కాలువగట్టున పుట్టి పెరిగినవారికి పల్నాడు ఎడారివలెనే తోచును. పొరలు పొరలుగా నాపరాయి, వానలు వెనుదీయగనే యెండిపోవు వాగులు, తుమ్మచెట్లు, ముండ్లకంపలు: మొదట కంటబడునవి యివియే. శ్రీనాథ మహాకవి పేర వాడుకలోనున్న చాటువులలో ఈ సీమ జొన్నకూడును, నీటికరవును, రాట్నము వడకు స్త్రీలును పరిహాసమునకు గురియైనవి. నూలు వడకి కుటుంబమును నిలుపుకొనుట పరిహాసమెట్లగునో మాకు బోధపడదు.

మేమును కోనసీమనుండి యీ సీమకు కోడలిగా వచ్చినవారమే. ఈ శీతకాలపు సెలవులలో మా పుట్టినింటినుండి వదినగారు తమ పదేండ్ల కుమార్తెతో వచ్చిరి. "మీ రాళ్ళలో చూడదగిన దేమున్నదమ్మా?" యని వారు నవ్వుచు నడిగిరి. నాలుగు దినములు మావెంట తిరిగి చూచి, పిమ్మట మీరే చెప్పుడని మేమంటిమి. ఈ సీమలో తిరుగుటకు ధనుర్మాసమే తగినకాలము. వేసవిలో నీ రాళ్ళు పెనములవలె కాగును.

మొదటి దినమున నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండకు పోతిమి. 2022 ఏప్రిలులో పల్నాడు ప్రత్యేక జిల్లా యైనప్పటినుండి నరసరావుపేటయే జిల్లా ముఖ్యపట్టణము. మూడు శిఖరములుగా కనబడుటచే ఈ కొండకు త్రికూటమని పేరు. శివరాత్రికి పల్లెపల్లెనుండి వచ్చు ప్రభల తిరునాళ్ళను ఎరుగని తెలుగువారరుదు. కాని స్త్రీలు తెలియవలసినది ఆనందవల్లి యను గొల్లభామ కథ. ఆమె నిత్యము కొండయెక్కి స్వామిని సేవించెడిదట. గర్భవతియై యెక్కలేక, స్వామినే దిగిరమ్మని వేడెను. వెనుదిరిగి చూడకుండ నడచినచో వెంట వచ్చెదనని స్వామి యొప్పుకొనెను. సగము దారిలో ఆమె వెనుదిరిగి చూచెను; స్వామి యచ్చటనే నిలిచిపోయెను. ఆమెకు ముక్తి కలిగెననియు, అందుచే ఆమెకును గుడి కట్టిరనియు చెప్పుదురు. భక్తురాలు అలసినపుడు దేవుడే దిగివచ్చుట కొప్పుకొనిన కథ యిది.

రెండవ దినము కారెంపూడి. నాగులేటి యొడ్డున వీరుల గుడి యున్నది. 12వ శతాబ్దమున గురజాల నేలిన నలగామరాజునకును, మాచర్ల పక్షమువారికిని జరిగిన పల్నాటి యుద్ధమునకు రంగస్థలమిదియే. కార్తిక అమావాస్యనుండి యైదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఇచ్చట ఆ వీరుల యుత్సవము జరుగును. కులభేదమెంచక అందరిని ఒక చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టిన బ్రహ్మనాయుని చాపకూటి కథయు, మగని యుద్ధమునకు సాగనంపిన మాంచాల కథయు మా వదినగారు చిన్ననాడే వినియుండిరి. కోడలు మాత్రము, "అత్తయ్యా, నాయకురాలు నాగమ్మ మంచిదా, చెడ్డదా?" యని యడిగెను. కథ చెప్పినవా రెవరి పక్షమువారో ముందు కనుగొనవలెను తల్లీ యని మేమంటిమి. రాజ్యతంత్రము నడపిన పురుషుని నేర్పరి యందురు. అదియే స్త్రీ నడపినచో మాయలాడి యందురు. ఎనిమిది వందల యేండ్లు గడచినను ఆమె పేరు నిలిచియే యున్నది.

మూడవ దినమున మాచర్లలో చెన్నకేశవస్వామిని దర్శించి, గుడి దాపున పారు చంద్రవంక వెంబడి యెత్తిపోతలకు పోతిమి. దారిలో దుర్గి శిల్పులను తలచుకొంటిమి. మెత్తని రాతిని విగ్రహములుగ మలచుట వారి కులవిద్య. ఆ ప్రాంతమందే మించాలపాడు కలదు. మెట్టసీమలో పంట తప్పినపుడు పశువే సంసారమునకు ఆధారము. పశువునకు అడవిగడ్డి యాధారము. ఆ గడ్డిపై దొరతనమువారు పుల్లరి యను పన్ను వేయగా కన్నెగంటి హనుమంతు ఎదిరించి, 1922 ఫిబ్రవరి 22న తుపాకిగుండ్లకు బలియయ్యెను. గడ్డిపోచకై ప్రాణమిచ్చుట కోనసీమవారికి వింతగా తోచవచ్చును. కరవు చూచినవారికి తోచదు.

ఎత్తిపోతలయొద్ద చంద్రవంక సుమారు 70 అడుగుల యెత్తునుండి దుముకును. అంతవరకు ఎండిన రాళ్ళే చూచిన చిన్నది ఆ నీటిపొగను చూచి చప్పట్లు చరచెను. అచ్చటనుండి ఆ నీరు కృష్ణలో కలియును.

నాలుగవ దినము నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన యీ యానకట్ట యెత్తు 124 మీటర్లు, తలుపులు 26. యంత్రములకంటె కూలీల చేతులే యెక్కువగా పనిచేసి, రాతితో కట్టిన కట్ట యిది. గంపలతో రాళ్ళు మోసినవారిలో స్త్రీలనేకులు. 1967లో కాలువలకు నీరు విడువగా కుడికాలువ దిగువన వరి పండెను. జొన్నకూటి సీమ వరియన్నము తినెను.

ఆ మేలునకు వెల యున్నది. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి లోయ నీటమునిగెను. ముంపునకు ముందు 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, దొరికినవానిని కొండపైకి చేర్చిరి. ఆ కొండయే నేడు ద్వీపము. విజయపురి సౌత్‌నుండి లాంచీలో పోయి అందలి ప్రదర్శనశాలను చూచితిమి. ఇచ్చటి మహాచైత్యము చాంతమూలరాజు సోదరి చాంతిసిరి కట్టించినది. సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహము కట్టించినది బోధిసిరి యను ఉపాసిక. పదునేడు వందల యేండ్ల క్రిందట దాతలుగా తమ పేర్లు రాతిపై చెక్కించుకొన్న స్త్రీలు వీరు. వదినగా రా శాసనముల యెదుట చాలసేపు నిలుచుండిరి.

తిరుగుదారిలో వెల్దుర్తివైపు మెట్టపల్లెలను చూచితిమి. కాలువకంటె ఎత్తున నున్నందున సాగరపు నీరు ఆ పొలములకు పారదు. పత్తి తీయుచున్న యొక వృద్ధురాలిని వదినగారు నీటిమాట యడిగిరి. "కృష్ణమ్మ పక్కనే ఉంది తల్లీ, మా బిందెలోకే రాదు," అని యామె చేతిపని యాపకుండనే చెప్పెను. ఆ మెట్టకై తలపెట్టిన వరికపూడిశెల యెత్తిపోతల పథకమునకు 2023 నవంబరులో శంకుస్థాపన జరిగినది. శంకుస్థాపనకును బిందె నిండుటకును నడుమనున్న దూరమెంతయో ఆ పల్లె స్త్రీలే యెరుగుదురు.

ఆ రాత్రి జొన్నరొట్టె, గోంగూరపచ్చడి వడ్డించితిమి. చేయి కడుగుకొనునపుడు వదినగారు చెంబులో సగము నీరు మిగిల్చి, "ఇది మొక్కకు పోయుమమ్మా," యనిరి. మాయింటి దేదియు వారి నంతగా మార్చలేదు. ఆ ముసలమ్మ మాటయే మార్చినది.

సోదరీమణులారా! మీ యింటికి చుట్టము వచ్చినపుడు గుడిని, జలపాతమును చూపుడు, తప్పక చూపుడు. వానితోబాటు మీ యూరి నీరెచ్చటనుండి వచ్చునో, ఎవరి నెత్తిపై వచ్చునో అదియు చూపుడు. అపుడే వారు మీ సీమను చూచినవారగుదురు.