ఒక్క మిల్లీమీటరు

హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేట, గోలకొండ ప్రభువైన తానీషాకు మంత్రిగా నుండిన మాదన్న పేరిట వెలసిన పేట. అచ్చట తెల్లవారుసరికే కూరగాయల మండీ సందడితో నిండిపోవును. ఆ సందడికి కొంత యెడముగా ఒక వడ్రంగి కొట్టు కలదు. బడి విడిచిన పిదప నా ప్రొద్దు చాలవరకు అచ్చటనే గడచుచున్నది.

నా మనుమరాలికి గిటారు నేర్వవలెనని కోరిక పుట్టెను. కొని యిచ్చుటకంటె చేసి యిచ్చుట మేలని నాకు తోచినది. లెక్కలు నావి, ఉలి, చిత్రిక వడ్రంగివి. ఆమె పుట్టినరోజునకు దానిని సిద్ధపరచవలెనని నిశ్చయించుకొంటిమి.

గిటారునకు పెట్టె వేరు, మెడ వేరు. మెడ మొదట నున్న కుసిని పెట్టె బెజ్జములో దింపి బంకతో అతికెదరు. మెడపై లోహపు మెట్లుండును. పెట్టెపై తీగలను మోయుటకు చెక్క గుర్రముండును. మెట్లపై ఇనుప బద్దను పొడవుగా నుంచినచో దాని కొన గుర్రపు నెత్తిని అందుకొనవలెను. అందుకై మెడ కొంచెము వెనుకకు వాలియుండవలెను. ఆ వాలు చాలనిచో తీగలు మెట్లకు మిక్కిలి ఎత్తున నిలిచి, అదుముటకు వ్రేళ్లు నొచ్చును.

నేను గీసియిచ్చిన కొలతపలకను బట్టి వడ్రంగి మెడను అతికెను. మరునాడు బద్ద నుంచి చూడగా దాని కొన గుర్రపు నెత్తికి 3 మిల్లీమీటర్లు క్రిందుగా తగిలెను. కొట్టులోని పనికుర్రలు చూచుచుండగనే “నీ చేయి జారినదయ్యా!” అంటిని. అతడు మారు పలుకలేదు.

“పోనిమ్ము, గుర్రమును 3 మిల్లీమీటర్లు చెక్కివేయుము. పుట్టినరోజు ఇంక నాలుగు దినములే” అని తొందరపెట్టితిని.

“పంతులుగారూ, గుర్రమును కోస్తే బద్ద సరిపోతుంది, మెడ సరికాదు. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఏండ్లు గడిచేకొద్దీ మెడ ఇంకా ముందుకు వంగుతుంది. అప్పుడు తగ్గించడానికి గుర్రంలో ఏముంటుంది?” అని అతడు మెల్లగా పలికెను.

నాకు బొబ్బిలి వీణ గుర్తునకు వచ్చెను. ఆ వీణను ఒకే పనసమ్రానినుండి తొలుతురు. అందలి 24 మెట్లను మైనముపై నిలుపుదురు గనుక వాని యెత్తును మరల సవరింపవచ్చును. గిటారు మెట్లు మెడలోనికి దిగగొట్టబడినవి. ఇచ్చట మెడనే సవరింపవలెను.

అప్పుడతడు నా కొలతపలకను తెచ్చి నా ముందుంచెను. గుర్రపు ఎత్తు 10 మిల్లీమీటర్లు. మెట్లపలక, మెట్టు కలిసి 7. ఆ రెంటికిగల భేదమునకు సరిపడు వాలు గీయవలసియుండగా, నేను మెడను తిన్నగా గీచితిని! అతని చేయి నా గీతను తప్పలేదు.

తప్పు చేసినచో నలుగురిలో ఒప్పుకొనుడని పిల్లలకు ఎన్ని యేండ్లు చెప్పితిని! నింద వేసినది పనికుర్రల యెదుట, కావున వారి యెదుటనే “తప్పు నాది. ఇతని చేయి జారలేదు; నా లెక్క జారినది” అంటిని. గొంతు కొంత వణకెను. అతడు నవ్వి పొయ్యి వెలిగించెను.

ఇస్త్రీపెట్టె వేడితో మెట్లపలక కొనను, ఆవిరితో కుసిని సడలించి మెడను విడదీసితిమి. ఆరిన పిమ్మట, పెట్టెకానుకొను మడమను సవరింప మొదలుపెట్టితిమి. మడమకును పెట్టెకును నడుమ గరుకు కాగితపు పేలికను చొప్పించి లాగుచుండగా, మడమ కొనవద్ద ఎక్కువగను, పైయంచున ఏమాత్రము లేకుండగను కొయ్య అరిగెను. మడమ లోతు సుమారు 9 సెంటీమీటర్లు. అతుకునుండి గుర్రమునకు దూరము దానికి మూడింతలకు పైగా కలదు. కావుననే మడమ కొనలో ఒక్క మిల్లీమీటరు తగ్గగానే బద్ద కొన గుర్రమువద్ద 3 మిల్లీమీటర్లు లేచినది.

పుట్టినరోజు దాటిన ఆరు దినములకు గిటారు ఇల్లు చేరెను. “ఆలస్యమెందుకైనది తాతయ్యా?” అని మనుమరాలు అడిగెను. ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆమె పండ్రెండవ మెట్టుపై తీగ నదిమి మీటెను. తీగ సులువుగా లొంగి, స్వరము నిండుగా పలికెను.

ఆ కొలతపలక నేటికిని కొట్టు గోడపై వ్రేలాడుచున్నది. దానిపై 10 నుండి 7 తీసివేసిన లెక్క నా చేతివ్రాతలోనే యున్నది.