చేరాక రెండు రింగులు

“చేరగానే ఉత్తరం రాయి.” పూర్వం మన ఇళ్ళల్లో ఎవరు ఊరికి బయల్దేరినా గుమ్మం దగ్గర వినిపించే మాట ఇదే. తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చాయి. డబ్బులు దండగెందుకని ఒక ఒప్పందం పెట్టుకునేవాళ్ళం. చేరాక రెండు రింగులు ఇచ్చి పెట్టెయ్యాలి. మూడో రింగు మోగిందంటే ఏదో విషయం ఉందని ఎత్తేవాళ్ళం. రెండు రింగులూ రాకపోతే మాత్రం ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు.

ఆ రెండు రింగుల్లో ఎంత తెలివి ఉందో మా అమ్మాయి పుణ్యమా అని నాకు ఈమధ్యే తెలిసింది. తను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి, ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్ళ కోసం ఒక యాప్ తయారుచేసింది. యాప్ అనగానే పేజీ తిప్పెయ్యకండి! ఆ కంప్యూటర్ సంగతులు నాకూ అంతంతమాత్రమే. అయితే అందులో సగం పని ఇంట్లో కూర్చున్న మనం చెయ్యాల్సింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ముగ్గురిలో ఒకమ్మాయి ఒకసారి హైదరాబాద్ నుంచి రాత్రి ప్రైవేటు బస్సులో ఇంటికి బయల్దేరింది. తెల్లవారుజామున మూడున్నరకి, “ఊళ్ళోకి వెళ్ళం, బైపాస్ మీదే దిగాలి” అన్నాడట క్లీనరు. దిగిన చోట ఒక మూసేసిన టీ బంకు, దానికో బల్బు. ఫోన్లో ఛార్జింగ్ నాలుగు శాతం. నాన్నకి ఫోన్ కలిసేలోపే అదీ ఆరిపోయింది. ఆ బల్బు కింద నలభై నిమిషాలు నిలబడింది. ఒక మోటారు సైకిలు రెండుసార్లు నెమ్మదిగా అటూ ఇటూ తిరిగిందట. చివరికి పాలవ్యాను అతనెవరో ఆగి, తన ఫోన్ ఇచ్చి ఇంటికి మాట్లాడించాడు. ఏమీ జరగలేదు. కానీ ఆ తర్వాత ఆర్నెల్లపాటు ఆ పిల్ల రాత్రి ప్రయాణం మాటెత్తలేదు.

కాలేజీలో ప్రాజెక్టు ఎంచుకోమనేసరికి ముగ్గురూ దీన్నే పట్టుకున్నారు. మొదట వాళ్ళు అనుకున్నది ఒక పెద్ద ఎర్ర మీట. ఆపద వస్తే నొక్కాలి, ఇంటికి కబురు వెళ్ళాలి. నిజానికి ఇలాంటివి కొత్తేమీ కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన తర్వాత మన దేశంలో చాలానే వచ్చాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత, 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘దిశ’ యాప్ తెచ్చారు. 2025 మార్చిలో ‘శక్తి’ యాప్ వచ్చింది. మరి మీరు కొత్తగా చేసేదేమిటని అడిగాను. “అదే తెలుసుకుందామని ఆడవాళ్ళందర్నీ అడుగుతున్నామమ్మా” అంది. మా వీధిలో పూలమ్మే ఆవిణ్ణి, నైట్ డ్యూటీ నర్సుని, టీచర్లని, చివరికి మా అత్తగార్ని కూడా కూర్చోబెట్టి అడిగింది.

అసలు కిటుకు మా అత్తగారి దగ్గరే దొరికింది. “భయమేసిన ప్రతిసారీ అరవగలమా తల్లీ? బస్సులో పక్కవాడు మీద కొరుగుతుంటే అది నిద్రో, వెధవ బుద్ధో తేలేసరికే ఊరొచ్చేస్తుంది. ఏమీ జరగలేదు కదా, ఏమని పిలుస్తాం?” అందావిడ.

నిజమే కదూ! మీట నొక్కాలంటే ముందు మనకి ‘ఇది ఆపదే’ అన్న నమ్మకం కుదరాలి. అది కుదిరేసరికి చెయ్యి ఖాళీగా ఉండదు. ఒక చేతిలో సంచీ, ఒక చేత్తో పిల్లాడు, ఫోనేమో హ్యాండ్‌బ్యాగ్ అడుగున, దువ్వెనా మందుబిళ్ళలూ వాటి కింద. తీసి, తాళం తెరిచి, యాప్ వెతుక్కుని... అయ్యే పనేనా?

అందుకని వాళ్ళు ఆలోచన తిరగేశారు. ఆపదలో ఏదో చెయ్యడం కాకుండా, ఏమీ చెయ్యలేకపోయినా ఇంటికి తెలిసేలా ఉండాలి. బయల్దేరేటప్పుడు “తెల్లవారి ఐదుకి చేరతాను” అని ఫోన్లో పెడుతుంది. చేరాక ఒక మీట నొక్కుతుంది. నొక్కకపోతే ఇంట్లో ఫోన్ మోగుతుంది. వింటుంటే మీకూ స్ఫురించిందా? మన రెండు రింగులే! మాట రాకపోవడమే ఇక్కడ కబురు.

అయితే గడియారం ఎవరి ఫోన్లో నడవాలి? వాళ్ళ ఫోన్లోనే ఉంటే, ఛార్జింగ్ అయిపోయినా, ఎవరైనా లాక్కున్నా గడియారం కూడా ఆగిపోతుంది. బైపాస్ మీద నిలబడ్డ పిల్లకి జరిగింది అదే. అందుకని బయల్దేరగానే ఆ అమ్మాయి ఫోన్ నుంచి నా ఫోన్‌కి ఒక ఎస్సెమ్మెస్ వస్తుంది, గడియారం నా ఫోన్లో నడుస్తుంది. ఎస్సెమ్మెస్ ఎందుకంటే, ఇంటర్నెట్ అందని చోట కూడా కాస్త సిగ్నల్ ఉంటే వెళ్తుంది.

ఫోన్ తనెక్కడుందో ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల్ని బట్టి లెక్కగట్టుకుంటుంది. సరిగ్గా తెలియాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలట. కిటికీ పక్క సీట్లో బాగానే అందుతాయి, సొరంగంలోనో సెల్లార్లోనో అందవు. పైగా ఇప్పటి ఫోన్లు ఛార్జింగ్ ఆదా చెయ్యడానికి వాడని యాప్‌లని నిద్రపుచ్చుతాయి. పరీక్షించేటప్పుడు ఒక ఫోన్లో గంటకల్లా యాప్ చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. అందుకే దాన్ని బ్యాటరీ పొదుపు నుంచి మినహాయించాలనీ, లొకేషన్ అనుమతి ‘ఎప్పుడూ’ అని ఇవ్వాలనీ మొదటి పేజీలోనే తెలుగులో రాసిపెట్టారు. ఛార్జింగ్ పది శాతానికి దిగితే “ఫోన్ ఆరిపోతోంది, ఇక్కడున్నాను” అని ఒక కబురు దానంతటదే వచ్చేలా చేశారు.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవ మా ఇంట్లోనే వచ్చింది!

మావారి కోరిక ఏమిటంటే, అమ్మాయి ఎక్కడుందో మ్యాపు మీద చుక్కలా రోజంతా కనబడుతూ ఉండాలి. “తండ్రిని, ఆ మాత్రం చూడకూడదా?” అంటారు. అలా చూసే వీలు వాట్సాప్‌లో 2017 నుంచే ఉంది. పావుగంట, గంట, ఎనిమిది గంటలు, ఎంతసేపు కావాలంటే అంతసేపు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. “నాన్నా, పొద్దస్తమానం చూస్తారంటే ఏ పిల్లా దాన్ని ఆన్ చెయ్యదు. అసలు అవసరమైన రోజు కూడా ఆపేసే ఉంటుంది” అంది.

ఆ రాత్రి వంటింట్లో నాతో ఇంకో మాట చెప్పింది. యాప్‌లో మొదట ఎవరికి కబురు వెళ్ళాలని హాస్టల్లో పిల్లల్ని అడిగితే, ఎక్కువమంది అమ్మానాన్నల పేర్లు ఇవ్వలేదట. స్నేహితురాలి పేరో, అక్క పేరో ఇచ్చారట. ఎందుకని అడిగాను. “ఇంట్లో తెలిస్తే మొదటి ప్రశ్న ‘ఆ టైములో అక్కడికెందుకు వెళ్ళావ్’ అని. రెండోమాట ‘చదివింది చాలు, ఇంటికొచ్చెయ్’ అని. అందుకే చెప్పరమ్మా” అంది.

ఆ మాట విన్నాక నాకు చాలాసేపు చేతిలో గరిటె కదల్లేదు. పిల్లకి ఆపద వచ్చినప్పుడు మనకంటే ముందు ఎవరు గుర్తుకు రావాలి చెప్పండి? మనకి భయపడి మనకే చెప్పకపోతే, ఎంత గొప్ప యాప్ ఉండి ఏం లాభం?

ఈ మాట మావారితో చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు ఆయనే కూతుర్ని పిలిచి, “పోనీ మధ్యేమార్గం ఏదైనా చూడమ్మలూ” అన్నారు. వాళ్ళు చూసింది ఇదీ: అరగంటకోసారి ఆ అమ్మాయి ఉన్న చోటు మా ఫోన్‌కి వస్తుంది, కానీ తాళం వేసిన పెట్టెలా వస్తుంది. గడువు దాటి పది నిమిషాలైతేనే తెరుచుకుంటుంది. చేరానని మీట నొక్కిందా, అంతా చెరిగిపోతుంది. తండ్రికి ధైర్యం, కూతురికి గౌరవం! మీట నొక్కాక నాలుగంకెల సంఖ్య ఒకటి అడుగుతుంది. ఎవరైనా బలవంతంగా నొక్కిస్తే వెయ్యడానికి వేరే సంఖ్య ఉంది. అది వేస్తే చేరినట్టే కనబడుతుంది గానీ మా ఫోన్ మోగుతుంది.

ఒక రాత్రి దానికి నిజంగానే పరీక్ష వచ్చింది. అమ్మాయి హైదరాబాద్‌లో బస్సెక్కింది, ఐదుకి తెనాలి చేరాలి. ఐదూ పదికి నా ఫోన్ మోగింది. “ఇంకా చేరలేదు” అని తెలుగులో అక్షరాలు. మొదట వాళ్ళు ‘ప్రమాదం!’ అని పెట్టారు. అది చదివితే సగం ప్రాణం అక్కడే పోతుందని నేనే మార్పించాను. పెట్టె తెరిచి చూస్తే చివరి మూడు కబుర్లూ కోదాడ దగ్గర ఒకే చోటు చూపిస్తున్నాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మావారి చేతులు వణుకుతున్నాయి. నాలుగోసారికి ఎత్తింది, నిద్రగొంతుతో. ముందు లారీ బోల్తా పడి బస్సులన్నీ ఆగిపోయాయట. మావారు గట్టిగా ఏదో అనబోతుంటే ఫోన్ నేను తీసుకుని, “భయం లేదమ్మా, ఎక్కడున్నావో చూశాం. తాగడానికి నీళ్ళున్నాయా?” అన్నాను. అటువైపు ఒక క్షణం నిశ్శబ్దం. “ఉన్నాయమ్మా” అంది. ఆ తర్వాత ఆ పిల్ల ఏ ప్రయాణానికీ మాకు చెప్పకుండా గడియారం పెట్టుకోవడం మానలేదు.

ఒకవేళ ఆమె ఎత్తకపోయి ఉంటే? ఈ ప్రశ్నకి జవాబు మనకి ముందే తెలిసుండాలి. శంషాబాద్ ఘటనలో ఆ అమ్మాయి చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. కాసేపటికి ఫోన్ ఆగిపోయింది. ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి వెళితే, పరిధి పేరుతో ఆలస్యం చేశారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. “మా పరిధి కాదు” అంటే ఈ పేరు చెప్పండి.

మిగతావి కూడా చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ఏ ఆపదకైనా 112. రైల్లో అయితే 139. మహిళల హెల్ప్‌లైన్ 181. తెలంగాణలో 2024 మార్చిలో ‘టీ-సేఫ్’ అనే సేవ మొదలైంది. ప్రయాణం ముగిసేదాకా పోలీసులే క్షేమం కనుక్కుంటూ ఉంటారు, మామూలు ఫోన్ ఉన్నవాళ్ళు కూడా వాడుకోవచ్చు. రైళ్ళలో ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళ కోసం రైల్వే రక్షణ దళం 2020 నుంచి ‘మేరీ సహేలీ’ నడుపుతోంది. బయల్దేరే స్టేషన్లోనే మహిళా సిబ్బంది వచ్చి పలకరించి, బోగీ, సీటు రాసుకుని దారిలో కనుక్కుంటారు. ఐఫోన్లో 2023 నుంచి ‘చెక్ ఇన్’ అని మావాళ్ళ గడియారంలాంటిదే ఒకటుంది. బటన్ల ఫోనైతే 5 గానీ 9 గానీ నొక్కిపట్టాలనీ, స్మార్ట్ ఫోనైతే పక్క మీట వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలనీ 2016లో నిబంధన పెట్టారు. ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదుసార్లు నొక్కాలి. మీ ఫోన్లో ఎన్నిసార్లో సెట్టింగ్స్‌లో ఇవాళే పిల్లల్ని చూడమనండి.

పోలీసులకి ఫోన్ చేసినప్పుడు ఏడుపు కన్నా వివరాలు పనికొస్తాయి. బస్సు లేదా ఆటో నంబరు, ఎక్కిన చోటు, చివరిసారి మాట్లాడిన టైము, వేసుకున్న బట్టల రంగు. బండి ఎక్కేముందు నంబరు ఫొటో తీసి పంపడం అలవాటు చేసుకుంటే సగం పని అయినట్టే.

యాప్ ఉంటే భయం పోతుందని నేననను. అది ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపలేదు. ఊరి బయట దించేసే బస్సుల్ని, వెలగని వీధిదీపాల్ని అది మార్చలేదు. 2013లో మన దేశంలోనే మొదలైన ‘సేఫ్టీపిన్’ అనే యాప్ వెలుతురుందా, జనసంచారం ఉందా, నడవడానికి దారి ఉందా అని చోట్లకే మార్కులు వేస్తుంది. ఆ మార్కులు చూసి దీపాలు పెట్టించాల్సింది మునిసిపాలిటీవాళ్ళు, అడగాల్సింది మనం. మా మహిళా మండలి తరఫున మా బైపాస్ దగ్గర బస్సులాగే చోట లైటు కోసం అర్జీ ఇచ్చాం. ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

పిల్లల ప్రాజెక్టుకి మంచి మార్కులొచ్చాయి. ప్రస్తుతానికి మా బంధువులూ, స్నేహితులే వాడుతున్నారు. పోయిన నెల మా అక్కని చూడ్డానికి నేనొక్కదాన్నే రాత్రి రైల్లో విశాఖపట్నం వెళ్ళాను. గడియారం మా అత్తగారి ఫోన్లో పెట్టాను. పొద్దున్నే చేరి మీట నొక్కానో లేదో, ఆవిడ దగ్గర్నుంచి ఫోన్. “కాఫీ తాగావా?” అని!

మీ వంటింటి తలుపు వెనక గ్యాస్ బుకింగ్ నంబరు రాసుకుని ఉంటారు కదా, దాని పక్కనే 112 కూడా రాయండి. ఆ తర్వాత మీ అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, “ఏ టైములోనైనా, ఎక్కణ్ణుంచైనా ఫోన్ చెయ్యి, ఎందుకెళ్ళావని అడగను” అని ఒక్కసారి పైకి చెప్పండి. మనసులో అనుకుంటే వాళ్ళకి తెలియదు.