అతుకు

“ఇది అతుకు కాదమ్మా, పూత” అన్నాడు నాన్న.

బాలానగర్‌లో ఒక చిన్న వెల్డింగ్ షెడ్డులో ఉన్నాం ఇద్దరం. ఆదివారాలు ఎలాగూ పనుండదు కాబట్టి గంటల లెక్కన గ్యాసూ, వైసూ, ఒక మూలా వాడుకోమన్నాడు షెడ్డు భాయ్. రెండు ఉక్కు గొట్టాలని ఒకదానికొకటి అడ్డంగా ఆనించి, ఇత్తడి కడ్డీ కరిగించి, జీవితంలో మొదటి అతుకు వేశాను. బంగారు రంగులో, నున్నగా, ఫొటో తీసి ఎవరికైనా పంపాలనిపించేంత బాగా వచ్చింది. పంపాను కూడా. తర్వాత నాన్న చెప్పాడని దాన్ని వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటిచ్చాను. గొట్టం ఊడి కిందపడింది. ఇత్తడి వేరుసెనక్కాయ తొక్కలాగా ఒకే ముక్కగా విడిపోయింది. దాని కింద ఉక్కు మీద, నేను ఆకురాయితో రుద్దిన గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇత్తడి వాటిని తాకనే లేదు.

ఈ సైకిల్ పిచ్చి ఎందుకు మొదలైందో చెప్పాలి. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. షాపుకెళ్లి మంచి సైకిల్ కావాలంటే ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ చూపిస్తారు. కాదంటే ‘స్మాల్’ సైజు తెస్తారు. స్మాల్ అంటే ఏం లేదు, సీటు కింద నిలువు గొట్టాన్ని పొట్టి చేస్తారు, అంతే. చక్రం మాత్రం ఆరడుగుల మనిషికి పెట్టే 700సీ చక్రమే. అంత పెద్ద చక్రం ఉన్నప్పుడు హ్యాండిల్‌ని మనిషికి దగ్గరగా తేవడం కుదరదు. తెస్తే మలుపులో కాలివేళ్లు ముందు చక్రానికి తగుల్తాయి. నా పాత సైకిల్ మీద అదే జరిగేది. మియాపూర్‌లో ఒకసారి యూ టర్న్ తీసుకుంటూ, బూటు చక్రానికి తగిలి, బస్సు ముందు పడ్డాను. బస్సు ఆగింది. డ్రైవర్ తిట్టాడు. ఆ రాత్రి మోకాలికి పసుపు రాసుకుంటూ అనుకున్నాను, తప్పు నా కాళ్లది కాదు, ఆ ఫ్రేమ్‌దని.

26 అంగుళాల చక్రాలు పెట్టి, నా కొలతలకి ఫ్రేమ్ నేనే కట్టుకుంటే? అల్యూమినియమైతే వెల్డింగ్ అయ్యాక కొలిమిలో పెట్టి మళ్లీ బలం తెప్పించాలి. కార్బన్‌కి అచ్చులు కావాలి. ఇంట్లో మనిషి ఒక చిన్న మంటతో అతికించగలిగేది ఉక్కునే. మంచి క్రోమోలీ ఉక్కైనా మామూలు ఉక్కైనా వంగకుండా నిలబడే బిగువు దాదాపు ఒకటే. తేడా బలంలో. బలం ఎక్కువ కాబట్టి క్రోమోలీ గొట్టాన్ని పల్చగా చెయ్యొచ్చు, బరువు తగ్గుతుంది. నాకు దొరికినది 0.9 మిల్లీమీటర్ల మందం. రాణీగంజ్‌లో నాలుగు కొట్లు తిరిగితే ఒకాయన ఉందన్నాడు. ఆరు మీటర్ల గొట్టం మొత్తం కొనాల్సిందేనన్నాడు. కొని, అక్కడే కోయించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పెడల్స్ తిరిగే చోట ఉండే అడ్డ గొట్టం కోసం పాత ఇనుము కొట్లో ఒక తుప్పు పట్టిన డబుల్ బార్ సైకిల్ ఫ్రేమ్ దొరికింది.

ఆ పాత ఫ్రేమ్‌ని రంపంతో కోసినప్పుడు లోపల చూశాను. గొట్టానికీ దాని తొడుగుకీ మధ్య, చుట్టూతా, సన్నటి పసుపు గీత. ఇన్నేళ్లలో పైన రంగు పోయింది, ఇనుము సగం పొడైంది, లోపల ఇత్తడి మాత్రం నిన్న పోసినట్టుంది. ఎక్కడో ఎవరో వేసిన అతుకది. నేను వెయ్యాల్సింది కూడా అదే.

నాన్న అప్పటికి మూడు నెలలుగా నా ఫ్లాట్‌లోనే ఉన్నాడు. శుక్లాల ఆపరేషన్ కోసం బందరు నుంచి వచ్చాడు. ఒక కన్నయింది, రెండోది ఇంకా ఉంది. ఖాళీగా కూర్చోలేడు. హాల్లో ప్లైవుడ్ మీద నేను ఫ్రేమ్ బొమ్మని అసలు సైజులో గీస్తుంటే కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. గొట్టం కొసని చేప నోరు తెరిచినట్టు వంపుగా రాకాలి, అప్పుడే అది రెండో గొట్టం మీద సందు లేకుండా కూర్చుంటుంది. ఆ వంపుని కాగితం మీద గీసి, గొట్టానికి చుట్టి, ఆకురాయి పట్టుకున్నాను. రెండు రోజులు చూసి, మూడో రోజు నోరు విప్పాడు. “వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తు. ఆకురాయి ముందుకే కోస్తుంది. వెనక్కి రుద్దితే దాని పళ్లే పోతాయి.”

మాది కంసాలి కుటుంబం. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చి, 14 కేరెట్లకి మించి కొత్త నగ చెయ్యకూడదన్నప్పుడు, తాత చేతిలో పని పోయింది. ఆయన చిలకలపూడి వెళ్లి రోల్డ్ గోల్డ్ పనిలో చేరాడు. రాగి నగ, పైన పల్చటి బంగారం. 1990లో ఆ చట్టాన్ని ఎత్తేశారు కానీ మా ఇంట్లో ఎవరూ వెనక్కి వెళ్లలేదు. నాన్న కూడా అదే పని చేశాడు. అందుకే ఆయన నోట్లోంచి ‘పూత’ అన్న మాట వచ్చినప్పుడు అది తిట్టో కాదో నాకు తెలీలేదు. ఆ పూతతోనే కదా మా ఫీజులు కట్టాడు.

కుంపటి, ఊదుగొట్టం, మూస, పటకారు. ఇవన్నీ ఇంటి ముందు గదిలో ఉండేవి. అన్నయ్యకి ఏడేళ్లప్పుడే ఒక చిన్న సుత్తి ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నేనూ కూర్చుంటానని అడిగాను. “మొహం కాలితే రేపు పెళ్లెవరు చేసుకుంటారే” అన్నాడు నాన్న. అన్నయ్య పదో తరగతి తర్వాత ఆ గదిలోకి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు.

ఊడిన గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, ఆ మొదటి ఆదివారం నాన్న చెప్పిందిది. “నువ్వు మంటతో కడ్డీని కరిగించావు. కరిగినది పోయి చల్లటి ఇనుము మీద పడింది. కడ్డీని కరిగించాల్సింది మంట కాదు, ఇనుము. ఇనుముని కాల్చు. అది తయారైతే కడ్డీ తగిలించగానే అదే తాగుతుంది.”

వెలిగారం ఆయనకి కొత్త కాదు. నీళ్లలో అరగదీసి టంకానికి ముందు పూయడం చిన్నప్పటినుంచీ చేసిన పనే. నేను డబ్బాలో కొన్న ఫ్లక్స్‌ని వేలితో నలిపి చూసి, “ఇందులోనూ వెలిగారమే ఉంటుంది, ఇంగ్లీషు పేరుతో” అన్నాడు. అది వేడికి ముందు తెల్లగా పొంగుతుంది. తర్వాత కుంగి, కరిగిన గాజులా మెరుస్తుంది. ఉక్కు మీది మురికిని అదే మింగి, గాలి తగలకుండా కాపలా కాస్తుంది. అక్కడితో తొందరపడకూడదు. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలకి అటూఇటూ కావాలి. ముదురు ఎరుపు దాటి నారింజ రంగు వచ్చేదాకా ఆగాలి. మరీ ఆగితే ఇత్తడిలోని జింకు కాలి తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే. అందుకే షట్టర్ పూర్తిగా ఎత్తి, ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టేవాళ్లం.

రెండు గొట్టాల మధ్య గోరు కూడా దూరని ఆ సందులోకి కరిగిన ఇత్తడి, వత్తి నూనెని పీల్చుకున్నట్టు, తనంతట తానే పాకుతుంది. మంట ఎటు వెళ్తే అటు వస్తుంది. దీన్ని చదివి ఉన్నాను, వీడియోల్లోనూ చూశాను. చేత్తో తెలియడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఐదో ఆదివారం వేసిన ముక్కని సుత్తితో కొడితే గొట్టం సొట్టపోయింది కానీ అతుకు ఊడలేదు. రంపంతో నిలువునా కోశాం. లోపల సన్నటి పసుపు గీత.

నాన్న దాన్ని ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఈ కంటికి మంట మరీ నీలంగా కనిపిస్తోందే. ఇన్నాళ్లూ ఇంత నీలమని తెలీలేదు” అన్నాడు. అతుకు గురించి ఏమీ అనలేదు.

ఆ రోజే అడిగాను. “నాన్నా, నన్ను కుంపటి దగ్గరెందుకు కూర్చోనివ్వలేదు?”

“నువ్వెప్పుడడిగావు?”

“తొమ్మిదేళ్లప్పుడు.”

కాసేపు ఆగి, “అడిగుంటావు” అన్నాడు. ఇంకాసేపాగి, “అసలెవర్నీ కూర్చోబెట్టకూడదనే అనుకున్నాను. మీ అన్నయ్యని కూర్చోబెట్టింది తాత” అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ చిన్న సుత్తికి పిడి చెక్కింది నాన్నే. అది నాకు బాగా గుర్తు. ఆ మాట అనలేదు. భాయ్ టీ తెచ్చాడు, ముగ్గురం తాగాం.

అసలు ఫ్రేమ్ అతకడానికి మూడు ఆదివారాలు. ముందు త్రికోణం బాగానే వచ్చింది. వెనక చక్రం పట్టే భాగం అతికాక నాన్న జేబులోంచి దారపుండ తీశాడు. దారాన్ని వెనక ఒక కొస నుంచి ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో కొసకి లాగి కట్టాలి. మధ్యలో సీటు గొట్టానికి అటు దారం ఎంత దూరమో, ఇటు దారమూ అంతే ఉండాలి. నాకు ఒకవైపు 5 మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. మళ్లీ కొలిచాను. ఐదే.

ఏడుపొచ్చింది. ఒక పక్కే ముందు అతికి, చల్లారేలోపు అది లాక్కుపోయింది. రెండు వైపులా కొంచెం కొంచెం టాకా వేసి, తర్వాత పూర్తిగా అతకాలని చదివాను. తొందరలో చెయ్యలేదు. కోసి పారేద్దామన్నాను. “ఉక్కు కదా, వంగుతుంది. మాట వింటుంది” అన్నాడు నాన్న. ఫ్రేమ్‌ని చెక్కల మధ్య బిగించి, చల్లగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా వంచి, దారం వేసి, కొలిచి, మళ్లీ వంచాం. సాయంత్రానికి ఒక మిల్లీమీటర్ తేడా మిగిలింది. ఇక చాలన్నాడు. నాకు చాల్లేదు. కానీ చీకటి పడింది, భాయ్ షట్టర్ దించాలి.

చివర్లో వెనక గొట్టాల మధ్య చిన్న అడ్డకమ్మి ఒకటి మిగిలింది. “ఇది నువ్వు వెయ్యి” అని టార్చి ఇవ్వబోయాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నాకు ఊదుగొట్టమే అలవాటు. ఇది మరీ పెద్ద మంట” అన్నాడు. ఆయన వేళ్లు వణుకుతున్నాయని ఇద్దరికీ తెలుసు. నేనే వేశాను.

ఫ్రేమ్ 2 కిలోల 400 గ్రాములు తూగింది. అతుకుల మీద నా ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తాయి. మొదటిసారి ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కాను. ఒక కిలోమీటర్ దాకా అతుకులు తప్ప ఇంకేం గుర్తులేదు. ఏ చప్పుడైనా నా ఇత్తడి విరుగుతున్నట్టే ఉండేది. తర్వాత ఒక చోట నెమ్మదిగా వెనక్కి తిరిగాను. బూటు కొస చక్రానికి తగల్లేదు. ఇంకోసారి తిరిగాను. తగల్లేదు. ఎవరైనా చూస్తే ఈమెకేమైందనుకుని ఉంటారు, అన్నిసార్లు తిరిగాను.

రంగు వెయ్యనని మొండికేశాను. అతుకులు కనిపించాలని నా కోరిక. వానాకాలం మొదటి వారానికే తుప్పు మొదలైంది. అప్పటికి నాన్న బందరు వెళ్లిపోయాడు. ఫోన్‌లో నవ్వాడు. “పూత అంటే అంత చులకనేంటే? రంగు వేయించు. పల్చగా వేయించు. వారానికోసారి అతుకుల దగ్గర చూసుకో. రంగు మీద వెంట్రుకంత గీత కనపడినా దిగిపో. కింద ఇనుము పగులుతోంటే ముందు చెప్పేది పూతే.”

లేత ఆకుపచ్చ వేయించాను. ప్రతి శనివారం రాత్రి ఫోన్ లైట్ పెట్టి ఒక్కో అతుకూ చూస్తాను. నాన్న ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడగడం మానేశాడు. “అతుకులు చూసుకున్నావా?” అంటాడు. చూసుకున్నానంటాను. అడ్డకమ్మి దగ్గర ఇంకోసారి చూడమంటాడు. చూస్తాను.