పారుట, తడియుట

ఆంగ్లమున ‘పెర్ఫ్యూజ్’ అను క్రియ యొకటి కలదు. లాటిను మూలమును బట్టి చూచిన ‘గుండా పోయుట’ యని యర్థము. నెత్తురు కండలలో సందుసందునకు నందుచు సాగుటను వైద్యు లీ మాటతో చెప్పుదురు. తెలుగున దీనికిని ‘ప్రసరణ’ మనియే సరిపెట్టుచున్నాము. ‘సృ’ ధాతువునకు ‘ప్ర’ చేరిన ముందునకు సాగుట యగును. 1628లో హార్వే లోకమునకు వెల్లడించిన రక్తగమనమునకు అది తగిన మాటయే. కాని సాగుట వేరు, అందుట వేరు.

ఈ భేదము మా గన్నవరమున పలక పట్టని రైతునకును తెలియును. కాలువ పారును, చేను తడియును. ఇచ్చట వైనతేయ మీదుగా కాలువనే వంతెన యెక్కించి రాజోలు వైపునకు నీరు పంపిరి. ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన 1852 ప్రాంతపు పని యది. 2000లో ప్రక్కనే క్రొత్తది వచ్చినది. అక్విడక్టుపై నిలిచి నిండుకాలువను చూచినంతమాత్రమున శివారు మడి తడిసినదని చెప్పవచ్చునా? నడుమ నొక్క బోదె పూడిన చాలును.

మా యన్నగారు వ్యవసాయదారు. మధుమేహము కలదు, చుట్ట విడువరు. పాదము చల్లబడి, బొటనవ్రేలి పుండు మానకుండెను. “ప్రసరణము తక్కువ” యని వైద్యుడు చెప్పగా, ఆయన మణికట్టుపై వ్రేలుంచుకొని, “నాడి బాగానే ఆడుతోంది కదరా తమ్ముడూ!” అని త్రోసివైచిరి. అప్పుడు మేము పుస్తకభాష మాని, మధుమేహమును పొగాకును బోదెలను పూడ్చునని చెప్పితిమి. ఆయన కొంతసే పూరకుండి, “అయితే నా కాలు శివారు చేనన్నమాట” అనిరి. మరునాడే ఆసుపత్రికి బయలుదేరిరి. వ్రేలు పోయినది, పాదము దక్కినది. చుట్ట మరల ముట్టలేదు.

‘ఇంకుట’ యనరాదా యని మిత్రు లొకరు. చెరు వింకినదన్న ఎండినదనియు నర్థము వచ్చును. నెత్తురు కండలో నింకిపోదు, తడిపి మరలును. మురుగుకాలువ లేని చేను కోనసీమలో నిలుచునా? ‘ఊరుట’ మరికొంత దగ్గర. ఉప్పుకారములు ముక్క నడిమికి చేరినగాని మా యింటి స్త్రీలు ఆవకాయ ఊరినదనరు. ఇంత నిక్కచ్చియైన నిర్వచనము మా నిఘంటువులలో నరుదు! అయినను జాడీలో రాకపోకలు లేవు.

కనుక తరగతిలో ప్రసరణమును నాళములకే యుంచి, కండల యెడ ‘నెత్తురు తడుపుట’ యనుచున్నాము. పరీక్షకు లొప్పుదురో లేదో కాని, పిల్లలకు రెండవమారు చెప్పవలసిన పని యుండుటలేదు.