ఒక నర్తకి – రెండు జీవిత చరిత్రలు

మా చిన్నతనంలో కోస్తా జిల్లాల విద్యార్థుల పుస్తకాలకు అట్టలంటే 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలే. నునుపైన కాగితం, చక్కని రంగుల బొమ్మలు, చందా మాత్రం చవక. నేను తొమ్మిదవ తరగతి చదువుతున్నప్పుడు నా లెక్కల నోటుపుస్తకపు అట్టమీద, చేతులనే రెక్కలుగా చాచిన ఒక హంస ఉండేది. ఆమె పేరు మాయా ప్లిసెత్స్కాయా. మాస్కోలోని బల్షోయ్ థియేటర్ నర్తకి. లోపలి వ్యాసాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆర్కిటిక్ దీవిలో బాల్యం, మాస్కోలో నృత్య పాఠశాల, 1943లో బల్షోయ్ ప్రవేశం, ఆపైన బిరుదులు. నాకు తెలిసిన మొదటి జీవిత చరిత్ర అదే.

1998లో ఉద్యోగరీత్యా అండమాన్ దీవులకు వచ్చాను. నేడు శ్రీ విజయపురంగా పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారికి కొదువ లేదు. మా అమ్మాయి ఇక్కడే కూచిపూడి నేర్చుకున్నది. 2006లో ఉగాది సభలో 'నాకు నచ్చిన కళాకారిణి' అన్న అంశంపై మాట్లాడవలసి వచ్చి, "నాన్నగారూ, రాసి పెట్టండి" అని అడిగింది. జ్ఞాపకమున్నంత మేరకు రాశాను. ముగింపు చప్పగా తోచి, నా సొంత కల్పన ఒకటి జోడించాను: బల్షోయ్‌లో ఆమె తొలి నాట్యాన్ని తండ్రి మొదటి వరుసలో కూర్చుని చూచి కన్నీరు పెట్టుకున్నాడని. అమ్మాయి ఆ వాక్యాన్ని ఎంతో భావయుక్తంగా పలికింది. చప్పట్లు మ్రోగాయి. మొదటి వరుసలో కూర్చున్న నా కళ్ళు కూడా చెమర్చాయి.

2015 మే 2న ప్లిసెత్స్కాయా మ్యూనిక్‌లో మరణించింది. మరునాటి వార్తలో ఒక చిన్న వాక్యం నన్ను ఆపివేసింది: తండ్రిని స్టాలిన్ కాలంలో కాల్చి చంపారట! ఆనాడు మా దీవులకు అంతర్జాలం ఉపగ్రహం ద్వారానే అందేది. ఒక పుట తెరుచుకునేలోపు టీ కాచుకుని త్రాగవచ్చు. వెదకి వెదకి విసిగి వదలివేశాను. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ వచ్చింది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ తీగ ద్వారా ఇతరులు ఏమేమి చూచారో గాని, నేను మొదట వెదకినది ఈ నర్తకి చరిత్రనే. ఆమె స్వయంగా వ్రాసిన ఆత్మకథ 1994లో రష్యన్‌లో వెలువడిందనీ, 2001 నుండి ఇంగ్లీషులో ఉన్నదనీ అప్పుడు తెలిసింది. పుస్తకం తపాలాలో వచ్చింది.

తండ్రి మిహయీల్ ప్లిసెత్స్కీ స్పిట్స్‌బెర్గెన్ దీవిలో ఆర్కటికుగోల్ అనే సోవియట్ బొగ్గు సంస్థకు అధిపతి. మన మాటలో చెప్పాలంటే ప్రభుత్వరంగ సంస్థ అధికారి. దూరపు దీవిలో పోస్టింగు, వెంట భార్యాపిల్లలు. 1932లో ఆ కుటుంబం అక్కడికి చేరింది. ఆ మంచు దీవిలో ఉద్యోగుల కుటుంబాలు ఆడిన 'రుసాల్కా' ప్రదర్శనలో చిన్నారి జలకన్య వేషం మాయాది. ఆ పుటల వద్ద మా క్వార్టర్ల వార్షికోత్సవాలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి?

ఆ తరువాతి పుటలు వేరు. ప్లిసెత్స్కీ తన మిత్రుడు రిచర్డ్ పీకెల్‌కు ఆ దీవిలో ఉద్యోగం ఇచ్చాడు. పీకెల్ ఒకప్పుడు జినోవీవ్ వద్ద కార్యదర్శి. 1936 మాస్కో విచారణలో అతనికి మరణశిక్ష పడింది. మిత్రునికి ఉద్యోగమిచ్చిన అధికారిని 1937 ఏప్రిల్ 30న, మే దినోత్సవానికి ముందురోజు, తీసుకుపోయారు. నియామకపు కాగితాలపై నేనూ ఎన్నో సంతకాలు చేశాను. ఆ పుటను రెండుసార్లు చదివాను.

1938లో తల్లిని కూడా, పాలుత్రాగే పసివాడితో సహా, పట్టుకుపోయి కజక్‌స్తాన్ శిబిరానికి పంపారు. ఆ సాయంత్రం బల్షోయ్‌లో పిన్ని సులమీఫ్ మెస్సెరర్ నాట్యం. పన్నెండేళ్ళ మాయా పూలు పట్టుకుని ఒంటరిగా థియేటర్‌కు వెళ్ళింది. పిన్నియే ఆమెను అనాథాశ్రమం పాలు కాకుండా కాపాడి పెంచింది. తండ్రి ఏమయ్యాడో ధ్రువీకరించే పత్రం 1989లో గాని చేతికి రాలేదు: 1938 జనవరి 8న కాల్చివేత. మాయా బల్షోయ్‌లో చేరడానికి ఐదేళ్ళ ముందు.

విదేశీ అతిథులు వచ్చినప్పుడల్లా 'స్వాన్ లేక్' చూపడానికి ఆమె కావాలి. 1956లో బల్షోయ్ బృందం లండన్ వెళ్ళినప్పుడు మాత్రం ఆమెను తీసుకుపోలేదు. నా అట్టమీది హంస నర్తించినది ఈ కాపలాలోనే.

చదవడం ముగిసిన ఆదివారం సెల్యులార్ జైలుకు వెళ్ళాను. మధ్య గోపురంలో పాలరాతి పలకలపై రాష్ట్రాలవారీగా ఖైదీల పేర్లు చెక్కి ఉన్నాయి. చుట్టాలను తీసుకువెళ్ళినప్పుడల్లా చూచినవే. ఈసారి నిలబడి ఒక్కొక్క పేరూ చదివాను. ఎవరి తండ్రులో!

రాత్రి హైదరాబాదులో ఉన్న అమ్మాయికి ఫోను చేసి, ఆ మొదటి వరుస సంగతి అబద్ధమని చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. ఆ కాగితం ఇంకా తన వద్దనే ఉన్నదట.

"మరి ఆయన ఎక్కడున్నాడు నాన్నగారూ, ఆమె నాట్యం చేసేటప్పుడు?"

ఫోనులో చెప్పలేకపోయాను. ఆ వారం విశాఖపట్నం ఓడ ఎక్కుతున్న సహోద్యోగి చేతికి పుస్తకం ఇచ్చి పంపాను. చదవవలసిన చోట పెన్సిలుతో గీత పెట్టాను.